ఐదో దెబ్బ దగ్గర ఖాళీ

నేనడిగిందే వాళ్ళిచ్చారు. నా కడుపుమంటకి అసలు కారణం అదే.

"చెవుల పరీక్ష పెట్టండి" అని రెండేళ్ళు అరిచాను. గేటు దగ్గర అరిచాను, ఆఫీసు మెట్ల మీద అరిచాను. కరపత్రాలు నేనే రాసి నేనే పంచాను. అందులో తప్పులున్నాయని నవ్వినవాళ్ళున్నారు. నవ్వనీ. అర్థమైంది కదా, చాలు.

మాది మరమగ్గాల షెడ్డు. ఒక్క రేకుల కప్పు కింద నూట ఇరవై మగ్గాలు ఒకేసారి కొడుతుంటే అక్కడ మనిషి గొంతు ఎందుకూ పనికిరాదు. పెదాలు చూసి మాట అందుకోవాలి, చేతులతో జవాబివ్వాలి. టీకి రమ్మంటే ఒక సైగ, మగ్గం నడుస్తోందంటే ఒక సైగ, మేనేజరు వస్తున్నాడంటే ఒక సైగ, నువ్వు పోయి ఏ గోతిలోనైనా పడు అంటే ఇంకో సైగ. అమ్మ అక్కడ ఇరవై ఆరేళ్ళుగా చేస్తోంది, నేను పదమూడేళ్ళుగా. షెడ్డులో నా పేరు మైకు. నేను గుసగుసలాడినా మూడో వీధికి వినపడుతుందని.

ఆ ఎండాకాలం మొదట్లో గేటుకి నోటీసు అంటించారు. నెలాఖరుకి బండి వస్తుంది, మగ్గం మనుషులందరికీ చెవులు చూస్తారు. ఆ రోజు నాకు దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. జాబర్ బాబాయ్ (పాడైన మగ్గాల్ని బాగుచేసే పెద్దాయన, షెడ్డంతటికీ బాబాయే) తన వాటా టీ కూడా నాకే తాగించాడు. గెలిచాననుకున్నాను. అంత తెలివితక్కువ సంతోషం నా జన్మలో ఇంకోటి లేదు.

మా ఇంట్లో కింద ఒక గది, పైన రేకులు కప్పిన గది. పైగది మా చెల్లిది. అది ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తుంది. షెడ్డులో కాలు పెట్టనని పదహారో ఏటే చెప్పేసిన మొండిఘటం. దానికి ఒక జత ఉంది. సభలకి స్పీకర్లు కట్టే పిల్ల. ఎప్పుడు చూసినా మెడలో వైర్ల చుట్ట వేలాడుతుంటుంది కాబట్టి ఊరంతటికీ వైరే. వీళ్ళిద్దరూ కలిసి పాటలు కడతారు. కడతారంటే పాడరు, ఒక్క మాట ఉండదు. ఫోను పట్టుకుని షెడ్డు గోడ పక్కన నిలబడి మగ్గాల చప్పుడు పట్టుకొస్తారు. చెల్లి దాన్ని పాత లాప్‌టాప్‌లో వేసి కోస్తుంది, సాగదీస్తుంది, తిరగేస్తుంది. వైరు ఒళ్ళో మీటలున్న చిన్న పెట్టె ఒకటి పెట్టుకుని దానికి ఇంకేవో చప్పుళ్ళు కలుపుతుంది. ఈ జంటకి ఒక పేరు కూడా: తెగిన పోగు. మేం ముఖం కూడా ఎరగని నాలుగువేలమంది వీళ్ళ పాటల్ని ఫోన్లలో వింటున్నారట.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. మొదటి షిఫ్టు దిగి రెండున్నరకి ఇల్లు చేరి అన్నం ముందు కూర్చుంటే నెత్తిమీద మళ్ళీ అదే మగ్గం.

ఒకరోజు కంచం వదిలేసి పైకి వెళ్ళాను.

"ఏమే, పొద్దుట్నించీ నేను విన్నది చాలలేదా? ఇంట్లో కూడా నా చెవుల్లో అదే పోస్తావా?"

"ఇది మగ్గం కాదక్కా," అంది చెల్లి, తల తిప్పకుండానే. "మగ్గానికి నిద్ర పడితే వచ్చే కల."

"నిద్రపోయే మగ్గాన్ని ఏ మేనేజరు ఊరుకుంటాడు? చూడు, పాటంటే మాటలుండాలి. నేను నాలుగు చరణాలు రాసిస్తాను, మీ మోత దానికింద పెట్టండి. గేటు దగ్గర పనికొస్తుంది."

"నీ మాటలు బాగుంటాయక్కా," అంది వైరు మర్యాదగా. "కానీ నువ్వు మాట్లాడాక ఇంక దేనికీ చోటుండదు."

మూలన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న అమ్మ కిసుక్కున నవ్వింది. అమ్మకి ఆ గది అంటే పిచ్చి. షిఫ్టు దిగగానే కాళ్ళు కడుక్కుని తిన్నగా పైకెక్కేది. ఆ పాటకి అసలు లెక్క చెప్పింది కూడా అమ్మే. "నాలుగు కొట్టించి ఐదోది వదిలెయ్యండే. పోగు తెగితే మగ్గం అట్లాగే ఆగుతుంది. అక్కడే మనిషికి ఊపిరాడేది," అందట. వాళ్ళు అలాగే కట్టారు.

ఇంతకీ పాట ఎలా ఉండేదో చెప్పాలి. తిట్టినదాన్ని నేనే కాబట్టి న్యాయంగా చెప్పాలి. కింద ఒక బరువైన దెబ్బ, తడి గోనెసంచిని నేలమీద వేసినట్టు. అది చెవికన్నా ముందు అరికాలికి తగిలేది. దానిపైన ఒక ఊగుడు, ఎవరూ లేని ఇంట్లో తలుపు దానంతటదే తెరుచుకుని మూసుకుంటున్నట్టు. ఆ రెండింటి మధ్యా మా షెడ్డు ఉండేది. కాని దూరంగా, బుద్ధిగా, ఎవరినీ తరమకుండా ఉండేది. దెబ్బ, దెబ్బ, దెబ్బ, దెబ్బ. ఐదోది పడాల్సిన చోట ఏమీ లేదు. మళ్ళీ నాలుగు. అంతే. ఒక రాగమా, ఒక ఎత్తుగడా?

అమ్మ కళ్ళు మూసుకుని వినేది. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా చూపుడువేలు పైకెత్తి, "అదిగో" అనేది. ముఖం వెలిగిపోయేది.

"ఆ మధ్యలో ఖాళీ ఏంటే? కరెంటు పోయినట్టు!" అన్నాను.

చెల్లి, వైరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. నేను వెటకారం చేస్తున్నాననుకున్నారు. నేనూ దులుపుకుని కిందికి దిగిపోయాను.

బండి రెండు రోజులుంది. లోపల అద్దాల డబ్బాలాంటి చిన్న గది. అందులో కూర్చోబెట్టి చెవులకి మూతలు తగిలించి చేతికి ఒక బటను ఇచ్చారు. కీచుమని శబ్దం వస్తుంది, వినపడితే నొక్కాలి. పరీక్ష చేసేవాడు ఒక్కడే, వాడి ముందు క్యూలో నూట నలభై మంది. వాడికి తొందర, యంత్రం దానంతటదే కూస్తుంటే వాడు ఫోను చూసుకుంటున్నాడు. నా వంతు వచ్చింది. కూర్చున్నాను, నొక్కాను, లేచాను. ఒక్కటి కూడా వదల్లేదని చెప్పాడు. వదలనని నాకు తెలుసు.

నాలుగోరోజు ఫలితాలు వచ్చాయి. మగ్గం మనుషులందరూ పాస్. తప్పినవాడు ఒకే ఒక్కడు, గేటు దగ్గరి వాచ్‌మన్ తాత. ఆయన జన్మలో మగ్గం ముందు నిలబడలేదు.

ఆ జాబితాని రెండుసార్లు చదివాను. మేనేజరు ఊరుకుంటాడా? అందరినీ ముంగిట్లోకి పిలిచి, నన్ను చూసి చేతులు జోడించాడు.

"పరీక్ష అడిగావు, పెట్టాం. ఇంకేం సేవ చెయ్యమంటావమ్మా మైకూ? చెవులు బాగున్నందుకు కూడా ధర్నా చేస్తావా?"

జనం నవ్వారు. నా జనమే నవ్వారు. ఎవరికోసం గొంతు చించుకున్నానో వాళ్ళే కడుపు పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు చల్లారకముందే కాగితాలు పంచారు. "నా చెవులు బాగున్నాయి. షెడ్డు చప్పుడువల్ల నాకు ఏ హానీ జరగలేదు. ఇకముందు వినికిడి తగ్గినా దానికి కంపెనీ బాధ్యత లేదు." కింద సంతకానికి గీత. పదో తేదీలోగా సంతకం పెట్టినవాళ్ళని పర్మినెంటు జాబితాలో వేస్తారు. పెట్టనివాళ్ళ సంగతి అందులో రాయలేదు. రాయనక్కర్లేదు, మేం చదువుకోగలం.

నేనడిగిన పరీక్షనే తాడు చేసి మా మెడకి చుట్టారు. చూశారా ఎంత చక్కటి పనో!

"నూటికి నూరు!" అంది అమ్మ ఇంట్లోకి వస్తూనే. పరీక్ష ఫలితం కాగితాన్ని అద్దం పక్కన గోడకి గుచ్చింది. "ఈ వయసులో నూటికి నూరు. మీ నాన్న ఉంటే చూసేవాడు."

"సంతకం పెట్టకు."

"ఎందుకు పెట్టను? ఇరవై ఆరేళ్ళుగా ఏరోజుకారోజు గేటు దగ్గర నిలబడి, ఇవాళ పని ఉందా లేదా అని వాళ్ళ ముఖాలు చూశాను. పోయేలోపు ఒక్కసారి పర్మినెంటు అనిపించుకుంటాను."

"ఆ పరీక్షలో ఏదో మోసం ఉందే అమ్మా."

"ఏం మోసం? నాకు వినపడింది, నొక్కాను. నీకు వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

మరి! జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. పెంచాను. షెడ్డు యజమానుల వంశాన్నంతా తిట్టాను. అమ్మ వింటూ నిలబడి, చివర్న చాలా మెల్లగా అంది.

"నన్ను చెవిటిదాన్ని చేస్తే గాని నీ పోరాటం సాగదటే?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. బయటికి వెళ్ళి గుమ్మం మీద కూర్చున్నాను. పైన పాట నడుస్తోంది. నాలుగు దెబ్బలు, ఖాళీ. నాలుగు దెబ్బలు, ఖాళీ.

పదో తేదీకి ఇంకా మూడు రోజులున్నాయనగా, షిఫ్టు దిగి వస్తుంటే మా సందు మొదట్లోనే చెల్లి, వైరు ఎదురొచ్చారు. ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు లేదు.

"అమ్మకి గంటలు వినపడటం లేదక్కా," అంది చెల్లి.

"ఏ గంటలు?"

"పాటలోవి. ఐదో దెబ్బ వదిలేసిన చోట, అమ్మకి చెప్పే పెట్టినవి. సన్నగా, పైన మోగుతాయి. పాటకి రాగమంతా వాటిదే."

వాళ్ళ పాటని నేనెప్పుడైనా నిలబడి విన్నానా? ఉండే ఉంటాయిలే అనుకున్నాను. "సరే, చెప్పు" అన్నాను.

ఆ పొద్దున చెల్లికి కొట్లో సెలవు. అమ్మది ఆ వారం రెండో షిఫ్టు కావడంతో పొద్దున్నే పైకెక్కి బకెట్టు మీద కూర్చుంది. చెల్లి కింది దెబ్బ సరిచేద్దామని గంటల్ని పూర్తిగా ఆపేసి పాట పెట్టింది. చూస్తే అమ్మ కళ్ళు మూసుకుని, ప్రతి ఖాళీలోనూ వేలెత్తుతోంది. అదిగో. అదిగో. "గంటలు వినపడుతున్నాయా అమ్మా?" అని అడిగింది. "బ్రహ్మాండంగా" అంది అమ్మ. చెల్లికి అనుమానమొచ్చింది. గంటల్ని మళ్ళీ తెరిచి, చోట్లు మార్చేసింది. రెండో దెబ్బ మీద ఒకటి, మూడో దెబ్బ మీద వెంటవెంటనే రెండు, తర్వాత చాలాసేపు ఏమీ లేకుండా. అమ్మ వేలు మాత్రం ఐదో చోటే లేచింది.

"అబద్ధం చెప్పడం లేదక్కా అమ్మ. చోటు రాగానే అమ్మ మనసే మోగించుకుంటోంది. అమ్మకి నిజంగానే వినపడుతోంది, లేనిది."

వైరు మెడలోని చుట్టని గట్టిగా పట్టుకుని అడిగింది. "అక్కా, ఆ బండిలో కీచు ఎంతసేపటికొకసారి వచ్చింది?"

నిలబడ్డచోటే వేళ్ళు మడిచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కీచు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ప్రతిసారీ అంతేనా?"

"ప్రతిసారీ."

ముగ్గురికీ ఒకేసారి వెలిగింది. తర్వాత నేను మాట్లాడాను. ఆ సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. గడియారంలా లెక్క తప్పకుండా కూసే యంత్రాన్ని తెచ్చి మగ్గం మనుషులకి పరీక్ష పెడతారా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లెక్కమీద బతికే మనుషులం! మగ్గం ఎన్ని దెబ్బలకి పోగు మోసే నాడెను విసురుతుందో మా ఒంట్లో ఉంటుంది. మా గుండె కూడా ఆ లెక్కకే కొట్టుకుంటుంది. మమ్మల్ని కూర్చోబెట్టి, నాలుగుకొకసారి మోగించి, "ఆహా, ఎంత చక్కగా విన్నావు" అంటారా! లెక్క రాని వాచ్‌మన్ తాత ఒక్కడే నిజం చెప్పి తప్పాడు. వాళ్ళకి తెలిసే చేశారో, తెలియక చేశారో నాకనవసరం. తెలియకపోతే అదింకా పెద్ద తప్పు. ఇన్నేళ్ళుగా మా చేత పని చేయించుకుంటూ మేమెలా పని చేస్తామో కూడా తెలుసుకోలేదన్నమాట!

"వైరూ, స్పీకర్లు ఎన్నున్నాయి నీ దగ్గర?"

"నాలుగు."

"ఎల్లుండి రెండింటికి, షిఫ్టు మారేటప్పుడు, గేటు బయట. ఆ గంటల్ని కకావికలు చేసి తీసుకురండి. ఎక్కడ పడతాయో నాక్కూడా చెప్పొద్దు."

"అమ్మకి ముందు చెప్పొద్దా?" అంది చెల్లి.

"అందరితోపాటే తెలుస్తుంది. ముందే చెబితే దాచుకుంటుంది."

చెల్లి నా ముఖం అదోలా చూసింది. ఏదో అడగబోయింది. "అక్కా, నువ్వు..." అని ఆగింది. నేనప్పటికే వెనక్కి తిరిగి జాబర్ బాబాయ్ ఇంటివైపు నడుస్తున్నాను.

రెండు గంటల ఎండ. మొదటి షిఫ్టు బయటికొస్తోంది, రెండో షిఫ్టు లోపలికి వెళ్ళబోతోంది. ఆఫీసు గుమాస్తాలు తమాషా చూద్దామని మెట్ల మీదికొచ్చారు. రోడ్డు పక్క లారీ డ్రైవర్లు కూడా ఆగారు. అమ్మ ముందు వరసలోనే ఉంది, చిన్న కూతురి పాట ఇంతమంది వింటున్నారని చీర చెంగు సర్దుకుంటూ.

నేను ఒక చెక్కపెట్టె ఎక్కాను.

"అందరూ వినండి! ఈ పాటలో గంటలు మోగుతాయి. గంట వినపడినప్పుడల్లా చెయ్యెత్తండి. లెక్కపెట్టొద్దు. పక్కవాళ్ళని చూడొద్దు. కళ్ళు మూసుకోండి. ఆఫీసు బాబులూ, మీరు కూడా!"

పాట మొదలైంది. నాలుగు స్పీకర్లలో ఆ కింది దెబ్బ రోడ్డు మీదినుంచి చెక్కపెట్టెలోకి, పెట్టెలోనుంచి నా కాళ్ళలోకి ఎక్కింది. నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి ఉన్నాను.

గుమాస్తాల్లో ఒకడు చెయ్యెత్తాడు. అతని పక్కనున్న అమ్మాయి ఎత్తింది. ఆ వెనక డ్రైవర్లు ముగ్గురు.

"ఇంకా గంట పడలేదు!" అని అరిచాను. "చేతులు దించండి!"

దించారు. రెండు క్షణాలు కాకముందే మళ్ళీ ఎత్తారు. అందరూ ఒక్కసారే. వెంటనే ఇంకోసారి.

"వెటకారమా? మా బతుకు మీకు వెటకారంగా ఉందా? గంట పడితే ఎత్తమన్నాను! పడకముందే ఎత్తి పాట నవ్వులపాలు చేద్దామనా? దించండి!"

చెయ్యెత్తిన ఆ అమ్మాయి కళ్ళు తెరిచింది. ఆమె ముఖంలో వెటకారం లేదు. భయపడ్డట్టుంది.

నేను చెల్లివైపు తిరిగాను. "ఎప్పుడు వేస్తావే గంటలు? ఎంతసేపు?"

చెల్లి లాప్‌టాప్ దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. నోరు తెరవలేదు. కుడిచేతి పిడికిలి ఛాతీ ముందు పెట్టి గుండ్రంగా తిప్పింది. నడుస్తోంది అని. షెడ్డులో ఎప్పుడూ కాలు పెట్టనిది, షెడ్డు భాషలో చెప్పింది.

జనంవైపు చూశాను. ఎనభై మంది మగ్గం మనుషులు ఎండలో కళ్ళు మూసుకుని నిలబడ్డారు. చేతులన్నీ కిందికే ఉన్నాయి. అక్కడక్కడ ఒక చెయ్యి లేస్తోంది, ఐదో చోట, అలవాటు చొప్పున. అమ్మ వేలు కూడా. కాని ఆ చోట ఆఫీసు మెట్ల మీద ఒక్క చెయ్యీ లేవలేదు.

అమ్మ కళ్ళు తెరిచింది. తన వేలిని చూసుకుంది. మెట్లవైపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

నేను పెట్టె దిగాను.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు మేనేజరు మెట్లు దిగుతూ, అందరికీ వినపడేలా అన్నాడు.

"అర్థమైంది. ఇంట్లో ఇంతింత స్పీకర్లు పెట్టుకుని చెవులు పోగొట్టుకుని, పాపం మా షెడ్డు మీదికి తోస్తున్నారు. ఈ పిల్లల మోతవల్లే పోయాయి మీ చెవులు!"

నా జీవితంలో మొదటిసారి నాకు గొంతు లేవలేదు. లేచింది జాబర్ బాబాయ్‌ది.

"అయ్యా, మా ఇంట్లో రేడియో కూడా లేదు. మా ఆవిడ కూడా పెద్దగా మాట్లాడదు. మరి నావి ఎక్కడ పోయాయో నువ్వే చెప్పు." అని జేబులోంచి సంతకానికిచ్చిన కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి మేనేజరు చొక్కా జేబులో పెట్టాడు.

ఆ రోజు రెండో షిఫ్టు లోపలికి వెళ్ళలేదు.

పదకొండు రోజులు మగ్గాలు ఆగాయి. లేబర్ ఆఫీసరు వచ్చాడు. వేరే ఊరినుంచి వేరే బండి వచ్చింది. ఈసారి కీచులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియకుండా పెట్టారు. నూట నలభై మందిలో తొంభై ఒక్కరికి చెవులు దెబ్బతిన్నాయని తేలింది. సన్నటి చప్పుళ్ళు వినే భాగమే పోయింది, అది ఇక తిరిగి రాదు. అమ్మది ఆ జాబితాలో మూడో పేరు. నాది నలభై ఆరు. కంపెనీ సంతకాల కాగితం వెనక్కి తీసుకుంది. పర్మినెంటు మాట కూడా వెనక్కి తీసుకుంది. అమ్మని బట్ట మడతపెట్టే గదిలోకి మార్చారు. అదేదో దయ చూపినట్టు!

అమ్మ నాతో పన్నెండు రోజులు మాట్లాడలేదు. పదమూడోరోజు బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది.

"ఇంట్లో నాకొక్క మాట చెబితే ఏం పోయేదే? అంతమందిలో వేలెత్తించి నిలబెట్టావు."

"నేనూ నిలబడ్డానుగా అమ్మా."

"నువ్వు నిలబడ్డావు. నన్ను నిలబెట్టావు."

ఈసారి గొంతు పెంచలేదు. పక్కన కూర్చుని నేనూ చేట అందుకున్నాను.

వానలు మొదలైన వారం, ఒక మధ్యాహ్నం, నలుగురం పైగదిలో ఉన్నాం. నా ఒళ్ళో లేబర్ ఆఫీసువాళ్ళిచ్చిన నష్టపరిహారం అర్జీ కాగితాలున్నాయి. మర్నాటికల్లా ఇవ్వాలి. నాదీ అమ్మదీ నేనే నింపుతున్నాను. అమ్మ ఉన్నట్టుండి అంది.

"ఒసేయ్ చిన్నదానా, ఆ గంటల్ని నా చెవికి అందేచోటికి దించగలవా?"

"దించొచ్చు," అంది చెల్లి. "కాని అది వేరేగా ఉంటుందమ్మా."

"దించొద్దు!" అన్నాను నేను. "ఎందుకు దించాలి? వాళ్ళు మన చెవులు తినేసి హాయిగా ఉంటే, మనం పాటని నేలకి దించుకుని సర్దుకుపోవాలా? అక్కడే ఉండనీ. మనకి అందదని అందరికీ తెలియనీ."

"నీకక్కర్లేకపోతే నువ్వు వినకు," అంది అమ్మ. "నీ కోపంతో నాకు పొద్దు గడవదు. ఆ పాట నాకు కావాలి. నా పిల్ల కట్టింది."

చెల్లి చాలాసేపు ఏవేవో జరిపింది, నొక్కింది. వైరు స్పీకరుని అమ్మ మోకాళ్ళ దగ్గరికి జరిపింది. వాన వెలిసింది. పాట మొదలైంది.

నాలుగు దెబ్బలు. ఐదో చోట ఒక గంట.

అది ఖాళీ కాదు. ఎప్పుడూ ఖాళీ కాదు. గంట మీద గంట వచ్చి ఒక రాగమైంది. నెమ్మదిగా నాలుగు మెట్లెక్కి, ఐదోది ఎక్కబోయి, ఎక్కకుండా అక్కడే నిలబడి కిందికి చూస్తున్నట్టుంది. ఆ రాగం పైన మోగుతుంటే మగ్గం చప్పుడుకి అర్థమే మారిపోయింది. నేను తడి గోనెసంచి అనుకున్నది దాని వెనకాలే నడిచే అడుగుల చప్పుడు. ఊగే తలుపు అనుకున్నది దానికోసం తెరిచి పెట్టినది. నాలుగువేలమంది మొదట్నుంచీ వింటున్నది ఇది! పక్కింటివాళ్ళకి తెలుసు. ఆఫీసు గుమాస్తాలకి ఒక్క మధ్యాహ్నంలో తెలిసింది. నెత్తిమీదే ఉన్నా నాకు తెలియలేదు. నేనేమో కిందినుంచి తిడుతూ కూర్చున్నాను.

అమ్మ ఈసారి వేలెత్తలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాట అయ్యాక, "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టారు. "ఇంకోసారి" అంది.

"ఎలా ఉందక్కా?" అంది చెల్లి నన్ను.

"ఇది దించింది కదా. పైన అసలుది ఎలా ఉంటుంది?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. వైరు మొదలుపెట్టింది. "సన్నగా ఉంటుందక్కా. అంటే... అద్దం అంచు మీద... కాదు. పొద్దున్నే చన్నీళ్ళు పళ్ళకి తగిలినట్టు... అదీ కాదు." ఆగిపోయింది. "చెప్పడానికి రావట్లేదక్కా."

"రావాలి," అన్నాను. ఒళ్ళోని కాగితం చూపించాను. "ఇక్కడ గడి ఉంది. జరిగిన నష్టం వివరాలు రాయమన్నారు. చెవి దెబ్బతిన్నది అని రాస్తే వాళ్ళకి అది ఒక చెవి. ఏం పోయిందో తెలియకుండా దొంగతనం ఫిర్యాదు ఎలా ఇస్తాను? చెప్పు. నాకేం తొందర లేదు."

నాకు తొందర లేదనడం ఆ ఇంట్లో ఎవరూ విననిది. అమ్మ కూడా తలతిప్పి చూసింది.

చెల్లి అసలు పాటని పెట్టి, చెవికి ఒక మూత తగిలించుకుని కళ్ళు మూసుకుంది. రెండో మూతని వైరు తన చెవికి ఆనించుకుంది. ఒకరు ఒక మాట అంటే ఇంకొకరు కాదని దిద్దుతూ, తెలిసిన మాటల్లోనే తడుముకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. నేను రాసుకుంటూ పోయాను. వాళ్ళిచ్చిన గడి రెండు వేళ్ళ వెడల్పు. అది మూడు మాటలకే నిండింది. కాగితం వెనక్కి తిప్పాను. అదీ నిండాక, అమ్మ లేచి నా సంచిలోంచి తెల్ల కాగితాలు తెచ్చి ఒక్కొక్కటే అందిస్తూ కూర్చుంది.